డెలివరీ చలానా

ఫిషింగ్ హార్బర్ ఐసు ఫ్యాక్టరీ నుంచి
ఏటా డిసెంబరు పద్నాలుగున
ఒక దిమ్మ పాతపట్నానికి బయల్దేరుతుంది.
యాభై కిలోలు. బిల్లు లేదు, చలానా ఉంది.
సంతకం కోసం దాంతోపాటు నేనూ.

ట్రాలీ ఆటోలో ఊక, ఊక మీద దిమ్మ,
దిమ్మ మీద తడి గోనె, గోనె మీద నా చెయ్యి.
కురుపాం మార్కెట్ దాటి సందు తిరిగేసరికే
చేతికి తెలిసిపోతుంది
యాభై అన్న మాట ఇక నిలవదని.

సూరాడ పోలయ్య సారంగు ఇల్లు.
దక్షిణాన మంచు సముద్రం దాకా పోయి
తిరిగొచ్చిన మనిషి అని
గోడకి పాలరాయి.
అందులో ఆయన పేరు కన్నా
రాయి ఇచ్చినవాళ్ల పేరు పెద్దది.

బర్మా టేకు గుమ్మం. తల వంచి పోవాలి.
అంత పొడుగు మనిషి రోజూ వంగేవాడా అని
ఓ కుర్రాడు అడిగితే
"మడిసి పొట్టే బాబూ, పటమే పెద్దది"
అంది తాళాలు బొడ్లో దోపుకున్న నూకరత్నం,
ఆ పొట్టి మనిషికి ముని మనవరాలు.

అద్దాల బీరువాలో ముల్లు లేని దిక్సూచి,
ఒకే ఒక్క బూటు,
దూదిలో పెంగ్విన్ గుడ్డు.
గుడ్డు కాదు, సున్నపు ముద్ద.
అసలుదాన్ని తొంభై ఆరులో పిల్లి తోసేసింది.
ఈ సంగతి నాకు తెలుసు, నూకరత్నానికి తెలుసు,
పిల్లి చచ్చిపోయింది.

బయట షామియానా కింద
బ్యాండు వాయించిందే వాయిస్తోంది.
ముఖ్య అతిథి గాజువాక దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నారట.
అట్ట ముక్కులు కట్టుకున్న మునిసిపల్ స్కూలు పెంగ్విన్లు
ఎండకి చెమట్లు కక్కుతున్నాయి.
మైకులో ఎవరో ధైర్యం అంటున్నారు,
సాహసం అంటున్నారు,
మళ్లీ ధైర్యం.

పెరట్లో దిమ్మ దించాక
నూకరత్నం నా పక్కన చతికిలబడింది.
పదకొండేళ్లుగా వస్తున్నాను,
ఈ మాట ఈ ఏడే చెప్పింది.

"ఒచ్చినాక ముప్పై ఒక్క ఏళ్లు బతికినాడు.
ఒడ్డుకి ఒక్కనాడు ఎల్నేదు.
అలల సప్పుడు పడదని
మంచం గోడేపు తిప్పించినాడు.
ఏటి సూసినావు తాతా అంటే
బీడీ ఎలిగించీవోడు, అంతే.

ఊళ్లో ఐసు మిల్లు కొత్తగా ఎట్టిన రోజు
సెప్పాపెట్టకుండా ఎల్లి దిమ్మ కొనుక్కొచ్చినాడు.
ఇదిగో, ఇక్కడే దింపించినాడు.
పొద్దు గూకేదాకా దాని కాడే కూకున్నాడు.
ముట్టుకోనేదు.
కూడు తిందువు గాని రా అని మా ముసిల్ది పిలిస్తే
'ఉండే, ఇంకా ఉన్నాది' అన్నాడట."

ఆ రోజే ఈ రోజు.
కమిటీవాళ్లు కార్డులో జయంతి అని అచ్చేయించారు.
ఆవిడ దిద్దలేదు.

పిల్లలు వచ్చేశారు.
ఒకడు చెంప ఆనించాడు, ఒకడు నాలుక.
ఒక పిల్ల రూపాయి బిళ్ల పెట్టి
అది ఎప్పుడు లోపలికి దిగుతుందా అని కాపలా కూచుంది.
అట్ట ముక్కులు నాని ఊడిపోయాయి.
నీళ్లు తులసికోట చుట్టూ తిరిగి
తూము లోంచి సందులోకి,
సందులోంచి ఎటు పోతాయో ఈ ఊళ్లో ఎవరికైనా తెలుసు.

సంతకం దొరికేసరికి మూడయింది.
దిమ్మ అప్పటికి
నిద్రపోతున్న పిల్లి అంత ఉంది.
సెక్రటరీ చదవకుండానే గీకేసి పెన్ను జేబులో పెట్టుకున్నాడు.
నా పెన్ను. అడిగి తీసుకున్నాను.
అందిన బరువు అన్న గడి ఇంకా ఖాళీ.
యాభై అనే రాశాను.
అబద్ధం కాదు,
ఎప్పుడు అని ఆ గడి అడగదు.

తిరుగు దారిలో ట్రాలీలో ఊక, గోనె.
గోనె ఇంకా చల్లగానే ఉంది.
దాని మీద కూర్చోబోయి
ఎందుకో
పక్కన నిలబడ్డాను,
హార్బర్ దాకా.